జైలు నుంచి సివిల్ రైట్స్ దావా వేసే ముందు జాగ్రత్తలు

అమెరికాలో ఖైదీలు సెక్షన్ 1983 (ప్రభుత్వ అధికారులు రాజ్యాంగ హక్కులు కాలరాస్తే దావా వేయనిచ్చే ఫెడరల్ చట్టం) కింద వేసే దావాల్లో కొన్ని, అసలు అన్యాయం సంగతి జడ్జి చూడకముందే కొట్టేస్తారు. కోర్టు ఆర్డరు పాటించలేదని ఫెడరల్ సివిల్ కోర్టుల నియమాల్లోని రూల్ 41(బి) ప్రకారం మూసేస్తారు. దెబ్బలు తిన్న మనిషి ఒక కాగితం పంపలేదని ఓడిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీవాళ్లెవరైనా లోపల ఉంటే ఇవి ముందే చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం అడ్రస్. వేరే జైలుకు మార్చిన రోజే, కేసు నంబరు వేసి, కొత్త అడ్రస్ కోర్టు క్లర్కుకు రాయాలి. లేకపోతే ఆర్డరు పాత జైలుకు వెళ్లి, కవరు తిరిగి కోర్టుకే చేరుతుంది. గడువు మాత్రం ఆగదు. జైలు అధికారులు కోర్టుకు చెబుతారులే అనుకోవద్దు.

ఫైలింగ్ ఫీజు 350 డాలర్లు, ఒకేసారి కట్టేవాళ్లకు దీనిపై అదనంగా పరిపాలనా రుసుము కూడా ఉంటుంది. ఒకేసారి కట్టలేనివాళ్లు ముందే ఫీజు కట్టకుండా దావా వేయనివ్వమని కోరే దరఖాస్తుతో పాటు గత 6 నెలల ఖైదీ ఖాతా స్టేట్‌మెంట్‌ను అధికారితో సర్టిఫై చేయించి పంపాలి. ఆ తర్వాత ఖాతాలోంచి వాయిదాల్లో కోసుకుంటారు. కేసు కొట్టేసినా ఆ బాకీ పోదు.

దావాకు ముందే జైలు గ్రీవెన్స్‌ను, అంటే జైల్లోనే పెట్టుకునే ఫిర్యాదును, చివరి అప్పీలు దాకా నడపాలి. ఖైదీల దావాలపై 1996లో వచ్చిన ఫెడరల్ చట్టం (పీఎల్ఆర్ఏ) అలా అంటుంది.

ఫిర్యాదు సవరించి పంపమని ఆర్డరు వస్తే టెన్షన్ పడి ఊరుకోకండి. టైము చాలకపోతే గడువు ముగియకముందే, కారణం రాసి పొడిగింపు అడగండి. పంపిన ప్రతి కాగితానికీ ఒక కాపీ, జైలు మెయిల్‌కు ఇచ్చిన తేదీ దగ్గరుంచుకోండి.