క్రీట్ సముద్రతీరాలకు వెళ్లేవారికి జాగ్రత్తలు: ముందు గాలిని చూసి, ఆ తర్వాత ఒడ్డును ఎంచుకోండి

గ్రీస్ ద్వీపాలన్నిటిలో పెద్దదైన క్రీట్ తూర్పు పడమరలుగా సుమారు 260 కిలోమీటర్ల పొడవున ఉంటుంది. దానికి ఉత్తరాన ఏజియన్‌లో భాగమైన క్రీట్ సముద్రం, దక్షిణాన లిబియా సముద్రం ఉన్నాయి. ఈ రెండు తీరాల నడుమ 2,400 మీటర్లు దాటిన శిఖరాలున్న కొండల వరుస నిలిచి ఉంటుంది. ఈ అమరిక వల్ల ఒకే రోజున ఒక తీరంలో కెరటాలు ఎగసిపడుతుంటే, గంటన్నర ప్రయాణ దూరంలో ఉన్న మరో తీరంలో నీరు అద్దంలా కనిపించవచ్చు. హోటల్ గది, కారు, విమానం అన్నీ నెలల ముందే నిర్ణయించుకునే మనం ఏ రోజు ఏ బీచ్‌కు వెళ్లాలన్నది మాత్రం ముందుగా ఖాయం చేసుకోకూడదు. దానిని ఆ ఉదయం గాలిని చూసిన తర్వాతే నిర్ణయించుకోవాలి.

వేసవిలో, ముఖ్యంగా జులై, ఆగస్టు నెలల్లో, ఏజియన్ మీదుగా ఉత్తరం నుంచి వీచే పొడి గాలిని అక్కడివారు మెల్తేమి అంటారు. బాల్కన్ ప్రాంతం మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం ఏర్పడినప్పుడు ఈ గాలి పుడుతుంది. ఆ అల్పపీడనం మన దేశానికి వర్షాలు తెచ్చే రుతుపవన ద్రోణికి పడమటి కొనసాగింపే. మెల్తేమి వీచేటప్పుడు ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు. గాలివాన వచ్చే ముందు ఆకాశం నల్లబడడం చూసి జాగ్రత్తపడే అలవాటున్న మనకు ఇక్కడ అలాంటి హెచ్చరిక దొరకదు. కొన్నిసార్లు ఈ గాలి వరసగా చాలా రోజులు వీస్తుంది. గ్రీకు వాతావరణ సూచనల్లో గాలి తీవ్రతను బోఫోర్ అంకెల్లో చెబుతారు. 6 బోఫోర్ అంటే గంటకు దాదాపు 39 నుంచి 49 కిలోమీటర్ల వేగం. ఉత్తరపు గాలి 5 దాటుతుందని సూచన ఉంటే హెర్సోనిసోస్, మాలియా, రెథిమ్నో వంటి ఉత్తర తీరాల్లో పిల్లలను నీటిలోకి దింపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఉత్తర తీరపు ఇసుక బీచ్‌లలో గాలి కెరటాలు ఒడ్డుకు తోసిన నీరు సన్నని పాయగా వెనక్కి, లోపలికి ప్రవహిస్తుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. రెండు వైపులా తెల్లని నురుగు ఉండి, మధ్యలో కెరటాలు విరగని నునుపైన పట్టీ కనిపిస్తే అది భద్రమైన చోటు అనుకోకూడదు, ఎక్కువసార్లు ప్రవాహం అక్కడే ఉంటుంది. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సాయం కోరాలి, శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, కెరటాలు విరిగే చోటికి చేరి, అక్కడి నుంచి ఒడ్డుకు రావాలి. లైఫ్‌గార్డులున్న బీచ్‌లలో ఎర్ర జెండా ఎగురుతుంటే నీటిలో దిగకూడదు, పసుపు జెండా ఉంటే ఒడ్డుకు దగ్గరలోనే ఉండాలి. కాపలా లేని తీరాలు కూడా ఈ ద్వీపంలో చాలా ఉన్నాయి.

దక్షిణ తీరంలో ప్రమాదం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఉత్తరపు గాలి కొండలు దాటి, లోయల గుండా ఒక్కసారిగా కిందికి దూకి, ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. కుర్తాలియోతికో లోయ దిగువన ఉన్న ప్రెవెలి, దానికి దగ్గరలోని ప్లాకియాస్ తీరాలు ఇటువంటి ఉధృతమైన గాలులకు పేరుపడ్డవి. కెరటాలు లేకపోవడం వల్ల నీరు ప్రశాంతంగా ఉన్నట్లు కనిపిస్తుంది కానీ, గాలి నింపిన పరుపు మీద గానీ ట్యూబులో గానీ కూర్చున్న పిల్లవాడిని అదే గాలి చూస్తుండగానే లోపలికి తోసుకుపోతుంది. అందుకే ఒడ్డు నుంచి గాలి వీచే రోజున గాలి నింపే వస్తువులేవీ సంచిలోంచి తీయకూడదు. పరుపో బంతో కొట్టుకుపోతే దాని వెంట ఈదుకుంటూ వెళ్లవద్దు. పది యూరోల వస్తువు కోసం ప్రాణం పణంగా పెట్టడం అందమైన రోజున ఎవరూ తలపెట్టరు, ఆ క్షణంలో మాత్రం కాళ్లు తమంతట తామే కదులుతాయి. కాబట్టి ఈ మాట పిల్లలకూ పెద్దలకూ ముందే చెప్పి ఉంచాలి.

బంగాళాఖాతం చూసి పెరిగినవారికి మరొక చిక్కు ఉంది. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్లు దాదాపు లేనట్లే ఉంటాయి, నీరు అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది, ఉప్పదనం ఎక్కువ కనుక ఒళ్లు తేలికగా తేలుతుంది. ఇవన్నీ లేని ధైర్యాన్ని ఇస్తాయి. తేట నీటిలో లోతు ఉన్నదానికంటే తక్కువగా అనిపిస్తుంది. గులకరాళ్ల తీరాల్లో నాలుగు అడుగులు వేసేసరికి కాలికి నేల అందకపోవచ్చు. చీర, జీన్స్ ప్యాంటు తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి కనుక, నీటిలో దిగేవారు మొహమాటపడకుండా ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ధరించడం మేలు. ఈత రానివారు మోకాలి లోతు దాటకూడదు.

ఎండ విషయంలో తెలుగువారికి ఒక నమ్మకం ఉంటుంది: రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లకు ఇదొక లెక్కా అని. చల్లని గాలి వీస్తుండగా ఒంట్లో నీరు ఇంకిపోవడం తెలియదు, అసలు ప్రమాదం అదే. 2024 జూన్‌లో గ్రీస్‌కే చెందిన సిమీ ద్వీపంలో ప్రసిద్ధ బ్రిటిష్ వైద్య ప్రసారకర్త మైకేల్ మోస్లీ తీవ్రమైన ఎండలో ఒంటరిగా రాళ్ల దారిన నడుస్తూ కుప్పకూలి మరణించారు. నాలుగు రోజుల తర్వాత ఆయన దేహం ఒక బీచ్ పక్కనే కనిపించింది. మధ్యాహ్నం 12 నుంచి 4 గంటల మధ్య తీరం వెంబడి కొండదారుల్లో నడవవద్దు, ఒంటరిగా అసలే వద్దు. సమరియా లోయ నడక దాదాపు 16 కిలోమీటర్లు ఉంటుంది. 1,200 మీటర్లకు పైగా ఎత్తు నుంచి దిగి అగియా రూమెలి ఊరికి చేరాక, అక్కడి నుంచి తిరుగు ప్రయాణానికి పడవ తప్ప రోడ్డు లేదు. చివరి పడవ వేళ తెలుసుకుని తెల్లవారుజామునే బయలుదేరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను దీనికి బలవంతపెట్టకూడదు.

బాలోస్ వంటి మారుమూల తీరాలకు వెళ్లే మట్టిరోడ్డు మీద టైర్లకూ కారు అడుగుభాగానికీ కలిగే నష్టాన్ని చాలా అద్దె ఒప్పందాల బీమా భరించదు. కిసామోస్ నుంచి పడవలో వెళ్లడం సులభమే కానీ, గాలి ఎక్కువైతే ఆ పడవలు రద్దవుతాయి. సీతాన్ లిమానియా వంటి నిటారు కొండల నడుమ ఉన్న ఇరుకు తీరాల్లో పైనుంచి రాళ్లు జారిపడతాయి, మేకలు నడిచినా రాళ్లు దొర్లుతాయి, కాబట్టి కొండ మొదట్లో నీడ ఉందని అక్కడ కూర్చోకూడదు. భారతీయ లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ తీసుకువెళ్లాలి. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి.

నీటిలో రాళ్ల మీద సముద్రపు ముళ్లకాయలు ఉంటాయి, ఇసుకలో విషపు ముల్లున్న వీవర్ చేప దాగి ఉంటుంది. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు వేసుకుంటే ఈ రెంటి బెడద చాలావరకు తప్పుతుంది. చేప ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో అరగంటైనా పాదం ఉంచి, వైద్యుడిని కలవాలి. సూయజ్ కాలువ గుండా వచ్చి చేరిన లాగోకెఫాలస్ అనే చేపలో వండినా పోని ప్రాణాంతక విషం ఉంటుంది. సొంతంగా గాలం వేసి పట్టిన తెలియని చేపను వండుకోవద్దు.

రిసార్టు ఈతకొలను దగ్గర లైఫ్‌గార్డు ఉంటాడని అనుకోకుండా, పెద్దల్లో ఒకరు పిల్లల మీదే చూపు ఉంచాలి. భోజనం తర్వాత ఆదరంగా అందించే రాకీ ఘాటైన సారాయి, అది తాగినవారు ఆ పూట నీటిలోకి దిగకూడదు, కారు నడపకూడదు.

2025 జులై మొదటి వారంలో ఇయెరాపెత్ర దగ్గర బలమైన గాలికి కార్చిచ్చు చెలరేగి, వేల మంది హోటళ్లూ ఇళ్లూ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఫోను పెద్దగా మోగి, అక్కడి అత్యవసర నంబరు 112 పేరిట హెచ్చరిక వస్తే సామాను సర్దుకుంటూ ఆలస్యం చేయకుండా చెప్పిన దిశకు కదలాలి. ఇది భూకంపాల ప్రాంతం కూడా. క్రీ.శ. 365 నాటి భూకంపానికి పైకి లేచిన ఫలసర్న పాత రేవు నేటికీ పొడి నేల మీదే ఉంది. బీచ్‌లో ఉండగా భూమి ఎక్కువసేపు కంపిస్తే, సునామీ రావచ్చు కనుక హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటికి వెళ్లాలి.

అత్యవసరంలో ఏ ఫోను నుంచైనా 112కు చేయవచ్చు. మనకు అంబులెన్సుగా అలవాటైన 108 అక్కడ తీర రక్షక దళం నంబరు, అంబులెన్సు కావాలంటే 166. ఈ మూడు నంబర్లనూ, హోటల్ పేరునూ, అద్దె కారు నంబరునూ ఒక చిన్న కాగితం మీద రాసి, రోమింగ్ లేని అమ్మానాన్నల జేబులో కూడా ఒకటి పెట్టండి.