ఒక దేశ విదేశాంగ విధానంపై పరిశోధన: పద్ధతిని ఎలా ఎంచుకోవాలి?

చాలామంది ముందే "ఇంటర్వ్యూలు చేస్తాను" అనో "డేటా తీసుకుంటాను" అనో అనుకుని, తర్వాత దానికి తగిన ప్రశ్న వెతుక్కుంటారు. నెలలు గడిచాక చేతికొచ్చిన ఆధారాలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పవు. కింది వరుసలో వెళ్తే ఆ చిక్కు చాలావరకు తప్పుతుంది.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"ఫలానా దేశ విదేశాంగ విధానం" అనేది అంశమే కానీ ప్రశ్న కాదు. ఏ దేశం, ఏ నిర్ణయం, ఏ కాలం అన్నవి అందులో కనబడాలి. ఆ వాక్యమే పద్ధతిని సూచిస్తుంది. "ఈ ఒప్పందంపై అప్పుడే ఎందుకు సంతకం పెట్టింది?" అంటే నిర్ణయం ఎలా రూపుదిద్దుకుందో అడుగడుగునా వెతకాలి, దీన్నే ప్రాసెస్ ట్రేసింగ్ అంటారు. "ఇరవై ఏళ్లలో ఏ కూటమి వైపు జరిగింది?" అంటే అంకెలు కావాలి. "పొరుగు దేశాన్ని ముప్పుగా ఎలా చిత్రించింది?" అంటే డిస్కోర్స్ అనాలిసిస్, అంటే మాటల్లో అర్థాన్ని ఎలా నిర్మించారో పరిశీలించడం. ఒకే ఒత్తిడికి రెండు దేశాలు రెండు రకాలుగా స్పందిస్తే తులనాత్మక కేస్ స్టడీ. ఇక్కడ యుద్ధానికి దిగిన సందర్భాలను మాత్రమే ఎంచుకుంటే యుద్ధానికి కారణం తేలదు. అదే పరిస్థితిలో యుద్ధం జరగని సందర్భం కూడా పక్కన ఉండాలి.

2. ఫైళ్లు తెరుచుకున్నాయా?

ప్రభుత్వ ఫైళ్లను 30 ఏళ్ల తర్వాత తెరిచే తన నిబంధనను బ్రిటన్ 2013 నుంచి దశలవారీగా 20 ఏళ్లకు తగ్గించింది. అమెరికాలో విదేశాంగ పత్రాల సంపుటాలు 30 ఏళ్లలోపు రావాలని 1991 నాటి చట్టం చెబుతుంది, అయినా ఆలస్యాలు మామూలే. అంటే నిన్నమొన్నటి నిర్ణయంపై లోపలి ఫైళ్లు దొరకవు. ప్రసంగాలు, పార్లమెంటు జవాబులు, ఇంటర్వ్యూలతోనే సరిపెట్టుకోవాలి. అప్పుడు ప్రశ్న కూడా వాటికి తగ్గట్టు చిన్నదవ్వాలి.

3. ఏ ఆధారం దేన్ని దాస్తుందో తెలుసుకోండి

క్యూబాలోని సోవియట్ క్షిపణులపై 1962లో అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య సంక్షోభం తలెత్తింది. ఆ ఏడాది అక్టోబరు 27 రాత్రి అమెరికా అధ్యక్షుడి తమ్ముడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీ సోవియట్ రాయబారి డోబ్రినిన్‌ను కలిసి, టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులను కొన్ని నెలల్లో తీసేస్తామని, ఆ మాట బయటికి రాకూడదని చెప్పారు. బహిరంగ ప్రకటనల్లో ఆ ప్రస్తావన లేదు. రాబర్ట్ కెన్నెడీ మరణం తర్వాత వచ్చిన ఆయన జ్ఞాపకాల పుస్తకం కూడా ఆ బేరాన్ని సూటిగా చెప్పలేదు. ఆ భాగాన్ని తానే సవరించానని 1989లో మాస్కో సమావేశంలో అధ్యక్షుడు కెన్నెడీ సలహాదారు సోరెన్‌సెన్ ఒప్పుకున్నారు. ఆ రాత్రి డోబ్రినిన్ మాస్కోకు పంపిన కేబుల్ (రహస్య తంతి సందేశం) 1990ల్లో గానీ వెలుగు చూడలేదు. ప్రసంగాల మీదే ఆధారపడి "సంక్షోభం ఎలా ముగిసింది?" అని రాసినవాళ్లు అసలు బేరాన్నే వదిలేసినట్టు. అవే ప్రసంగాలు "ప్రజలకు ఏం చెప్పారు?" అనే ప్రశ్నకు మాత్రం చక్కగా పనికొస్తాయి.

ఇంటర్వ్యూలదీ ఇదే తంతు. "ఎందుకు చేశారు?" అని అడిగితే తర్వాత అల్లుకున్న కారణం వస్తుంది. తేదీ ఉన్న పత్రం ముందు పెట్టి "ఆ సమావేశంలో ఎవరెవరున్నారు, ముందు ఏం చర్చకొచ్చింది?" అని అడగండి. పేరు వాడొచ్చా లేదా అన్నది మొదటి ప్రశ్నకు ముందే తేల్చుకోవాలి.

4. అంకెల లోతు చూడండి

ఐరాస సర్వసభ్య సభ ఓట్లు తేలిగ్గా దొరుకుతాయి, అందుకే అతిగా వాడతారు. చాలా తీర్మానాలు ఓటింగ్ లేకుండానే ఆమోదం పొందుతాయి కాబట్టి ఓట్ల పట్టికలో విభేదాలే ఎక్కువగా కనిపిస్తాయి. 2022 మార్చి 2న ఉక్రెయిన్ తీర్మానానికి 141 అనుకూలం, 5 వ్యతిరేకం, 35 తటస్థం. 12 దేశాలు ఓటే వేయలేదు. తటస్థాన్ని, గైర్హాజరును ఒకే గడిలో వేస్తే ఫలితం మారిపోతుంది. ఓటుకు ముందూ వెనకా ప్రతినిధి ఇచ్చిన వివరణ చదివాకే కోడ్ వేయండి, అంటే ఏ వర్గంలో చేర్చాలో గుర్తు పెట్టండి.

ప్రసంగాలను కోడ్ చేస్తుంటే ఇద్దరు విడివిడిగా ఓ పదో వంతు కోడ్ చేసి పోల్చాలి. క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా (ఇద్దరి కోడింగ్ ఎంతవరకు కలిసిందో చెప్పే కొలత) 0.80 దాటితే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. 0.667 కంటే తక్కువొస్తే లోపం చాలాసార్లు కోడర్లలో కాదు, నిర్వచనాల్లోనే ఉంటుంది, వాటిని తిరగరాయండి.

5. చిన్న పరీక్ష పెట్టండి

మీ వివరణ నిజమైతే ఏ కాగితం ఉండి తీరాలి? పోటీ వివరణ నిజమైతే ఏది ఉండాలి? రెండింటినీ రాసుకుని, ఓ ఐదారు పత్రాల్లో వెతికి చూడండి. రెండు వివరణలకూ ఒకే ఆధారం సరిపోతుంటే ఆ ఆధారం మీకు తీర్పు చెప్పదు. అప్పుడు ఇంకో రకం ఆధారం కలపండి, అదీ కుదరకపోతే మొదటి అడుగులోని వాక్యాన్ని మార్చండి.