అధ్యాపకుల పనిభారం తగ్గించాలంటే: లెక్క నుంచి ఉత్తర్వు దాకా

పని ఎక్కువైందని వినతిపత్రం ఇస్తే పాలనా భవనం నుంచి వచ్చే జవాబు దాదాపు ఒకేలా ఉంటుంది: "వారానికి 16 గంటలేగా?" ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు సిద్ధం చేసుకోకుండా మొదలుపెట్టిన ఉద్యమం మొదటి సమావేశంలోనే కూలిపోతుంది. అందుకే మొదటి నెల నినాదాలకు కాకుండా లెక్కకు కేటాయించండి. ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాల గురించి.

ముందు నిబంధన ఏం చెబుతుందో చూడాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 జులై నిబంధనల ప్రకారం పూర్తికాలపు అధ్యాపకుడి పని వారానికి 40 గంటలకు తగ్గకూడదు. ఇది ఏడాదిలో 30 వారాలకు, అంటే 180 బోధనా దినాలకు వర్తిస్తుంది. రోజుకు కనీసం 5 గంటలు ప్రాంగణంలో అందుబాటులో ఉండాలి. అందులో నేరుగా బోధించాల్సింది అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14 గంటలు. పరిశోధనకు వారానికి కనీసం 6 గంటలు కేటాయించే వీలుంది. 2025 జనవరిలో యూజీసీ కొత్త ముసాయిదా విడుదల చేసింది కాబట్టి, మీరు వినతిపత్రం రాసే రోజున ఏది అమల్లో ఉందో, మీ పాలక మండలి దేన్ని ఆమోదించిందో సరిచూసుకోండి.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "మేం 40 గంటలు దాటి పనిచేస్తున్నాం, ఇది నిబంధనకు విరుద్ధం" అని రాస్తారు. నిబంధనలో 40 అనేది కనిష్ఠం, గరిష్ఠం కాదు. ఆ వాదన ఒక్క నిమిషంలో వీగిపోతుంది. నిలిచే వాదన వేరే ఉంది: పదోన్నతికి పరిశోధనా పత్రాలు అడుగుతున్నారు, ఆ పత్రాలు రాయడానికి నిబంధనే చూపిన 6 గంటలు మాత్రం టైమ్‌టేబుల్‌లో ఎక్కడా లేవు.

లెక్క ఇలా కట్టండి. ప్రతి అధ్యాపకుడూ రెండు వారాలు డైరీ రాయాలి. ఒకటి మామూలు వారం, ఇంకొకటి ఇంటర్నల్ పరీక్షల వారం. ఒక్క పరీక్షల వారాన్నే చూపిస్తే, కావాలని బరువైన వారాన్ని ఎంచుకున్నారంటారు. అరగంటకు ఒక గడి ఉన్న కాగితం చాలు. క్లాసు, తయారీ, దిద్దడం, ప్రాజెక్టు మార్గదర్శనం, కమిటీలు, నాక్ (విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసి గ్రేడు ఇచ్చే సంస్థ) పనులు, విద్యార్థులతో మాట్లాడటం, పరిశోధన అనే ఎనిమిది శీర్షికలు పెట్టుకోండి. అదే రోజు సాయంత్రం నింపాలి. ఆదివారం కూర్చుని వారమంతటిదీ గుర్తుచేసుకుని రాస్తే గంటలు ఉబ్బుతాయి, దాన్ని పట్టుకోవడం ఎవరికైనా సులువే.

ఉదాహరణకు 60 మంది చొప్పున మూడు సెక్షన్లకు 16 గంటలు చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను తీసుకుందాం. గంట క్లాసుకు గంట తయారీ అనుకుంటే ఇంకో 16. సెమిస్టర్‌కు రెండు ఇంటర్నల్ పరీక్షలు, ఒక్కోదానికి 180 జవాబు పత్రాలు, పత్రానికి 8 నిమిషాలు: మొత్తం 48 గంటలు. 15 వారాలకు పంచితే వారానికి 3 గంటల పైచిలుకు. నలుగురు ప్రాజెక్టు విద్యార్థులకు 4 గంటలు, కమిటీలకూ నాక్ ఫైళ్లకూ 4, విద్యార్థులకు 2. అంతా కలిపితే 45 దాటింది, పరిశోధన ఇంకా మొదలే కాలేదు. ఆ 6 గంటలు కలిపితే 51. ఇది లెక్క పద్ధతి చూపడానికే. మీ శాఖ అంకెలు మీ డైరీల నుంచే రావాలి.

ఈ డైరీల్లో బయటపడే అసలు సంగతి గంటల సంఖ్య కాదు, పేపర్ల సంఖ్య, అంటే చెప్పాల్సిన సబ్జెక్టుల సంఖ్య. ఒకే పేపర్‌ను నాలుగు సెక్షన్లకు చెప్పే 16 గంటలు వేరు, నాలుగు వేర్వేరు పేపర్లు చెప్పే 16 గంటలు వేరు. రెండో మనిషికి తయారీ దాదాపు నాలుగింతలు. అయినా టైమ్‌టేబుల్‌లో ఇద్దరూ సమానమే. అందుకే "గంటలు తగ్గించండి" అనేదానికన్నా "ఒక సెమిస్టర్‌లో రెండుకు మించి వేర్వేరు పేపర్లు ఇవ్వకండి, అందులో కొత్తది ఒకటే ఉండాలి" అనే కోరిక తొందరగా నెగ్గుతుంది. దానికి పైసా ఖర్చు లేదు, ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, శాఖా సమావేశంలోనే తీర్మానించుకోవచ్చు. ప్రయోగశాల గంటల విషయమూ అడిగి తెలుసుకోండి. కొన్నిచోట్ల రెండు ప్రాక్టికల్ గంటల్ని ఒక బోధనా గంటగా లెక్కిస్తారు. సైన్సు శాఖల్లో సగం తగువు అక్కడే ఉంటుంది.

తర్వాత కాగితాలు. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఖాళీలెన్ని అన్నది తెలియకుండా పనిభారం గురించి మాట్లాడటం వృథా, ఎందుకంటే భారానికి కారణం ఆ ఖాళీలే. ఉన్నత విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు సమర్పించే సమాచారం, నాక్‌కు ఇచ్చే స్వీయ అధ్యయన నివేదిక వెబ్‌సైట్లలో ఉంటాయి. ర్యాంకు కోసం చూపిన అధ్యాపకుల సంఖ్యనూ, మీ శాఖల్లో నిజంగా క్లాసులు చెప్పేవారి సంఖ్యనూ పక్కపక్కన పెట్టండి. తేడా ఉంటే అదే మీకు అన్నిటికన్నా బలమైన కాగితం.

మిగతావి సమాచార హక్కు కింద అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. "ఎందుకు భర్తీ చేయలేదు?" అని అడగకండి. అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. "ఫలానా శాఖలో కేడర్ వారీగా మంజూరైన పోస్టులు, ఫలానా తేదీ నాటికి నిండినవి, గత రెండేళ్ల వర్క్‌లోడ్ స్టేట్‌మెంట్ల నకళ్లు ఇవ్వండి" అని రికార్డు పేరు చెప్పి అడగండి. ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి. అన్నీ ఒకదాంట్లో కుక్కితే ఒక్క అంశం సాకుతో మొత్తం ఆగిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే సున్నితమైన విషయం. రెగ్యులర్, కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్, గెస్ట్ అధ్యాపకులు ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నా వాళ్ల అవసరాలు ఒకటి కావు. రెగ్యులర్ వాళ్ల క్లాసులు తగ్గితే అవి గాలిలో కలిసిపోవు. అదే జీతానికి కాంట్రాక్ట్ అధ్యాపకుడి మీద పడతాయి, లేదా పైసా ఇవ్వకుండా రీసెర్చ్ స్కాలర్ చేత చెప్పిస్తారు. గెస్ట్ అధ్యాపకుడిది ఇంకో బాధ. గంటల లెక్కన జీతం తీసుకునేవాడికి గంటలు తగ్గడమంటే ఇంట్లో బియ్యం తగ్గడమే. యూజీసీ 2019 జనవరిలో గెస్ట్ అధ్యాపకులకు క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 అని మార్గదర్శకాలిచ్చింది. మీ దగ్గర ఎంత ఇస్తున్నారో పక్కన పెట్టి చూడండి. కాబట్టి కోరికల వరుస ముఖ్యం: గంటల జీతం ఉన్నవారికి ముందు నెలవారీ జీతం అడగాలి, ఆ తర్వాతే గంటల తగ్గింపు. ఈ వరుస తప్పిన ఉద్యమంలో మొదట బయటికి నడిచేది వాళ్లే, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

కాంట్రాక్ట్ వారి విషయంలో 2018 నిబంధనలు మంచి ఆయుధం. తప్పనిసరి అయితేనే కాంట్రాక్ట్ నియామకాలు చేయాలనీ, అవి మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం మించకూడదనీ, వారి వేతనం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం నెల జీతానికి తగ్గకూడదనీ అందులో ఉంది. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబర్‌లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఉద్యోగం క్రమబద్ధీకరించమనే హక్కు దానంతటదే రాదని 2006 నాటి ఉమాదేవి తీర్పు. ఈ రెంటినీ కలిపి ఒకే వాక్యంలో అడగకండి. వేతనం ఒక కోరిక, క్రమబద్ధీకరణ ఇంకొకటి. ఇంకో హెచ్చరిక: అధ్యాపకులు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'వర్క్‌మన్' (కార్మికుడు) కారని సుప్రీంకోర్టు 1988లోనే, సుందరంబాళ్ కేసులో తేల్చింది. కార్మిక శాఖ గడప తొక్కి నెలలు పోగొట్టుకోకండి. రాష్ట్ర విశ్వవిద్యాలయమైతే దారి హైకోర్టులో రిట్ పిటిషన్.

కోరికలు మూడు దాటకూడదు. ప్రతిదాని పక్కనా ఎవరు సంతకం పెడితే అది జరుగుతుందో రాసుకోండి. పేపర్ల పంపకం శాఖాధిపతి చేతిలో ఉంది. నాక్ సమన్వయకర్తకు రెండు గంటల సడలింపు, జీతం నెల 5వ తేదీలోగా, వేసవిలో కాంట్రాక్ట్ తెంచి జూన్‌లో మళ్లీ ఇచ్చే అలవాటు మానడం వంటివి రిజిస్ట్రార్, వైస్ ఛాన్సలర్, పాలక మండలి స్థాయివి. పోస్టుల భర్తీకీ వేతనానికీ ప్రభుత్వం, అంటే ఉన్నత విద్యా శాఖ, ఆర్థిక శాఖ కావాలి. ఆర్థిక శాఖ చేయాల్సిన పనిని శాఖాధిపతి ముందు అరిస్తే ఆయనతో స్నేహం పోతుంది, పని మాత్రం కాదు.

ఒక నిర్దిష్ట కాగితం లక్ష్యంగా ఉంటే ఉద్యమం ఎలా నడుస్తుందో ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు రెండుసార్లు చూపించారు. 2016 మేలో యూజీసీ సవరణ బోధనా గంటల్ని పెంచినప్పుడు వాళ్ల సంఘం మూల్యాంకనాన్ని బహిష్కరించింది. గంటలు పెరిగితే తాత్కాలిక అధ్యాపకుల కొలువులు పోతాయని గట్టిగా చెప్పింది. కొద్ది వారాల్లోనే కేంద్రం వెనక్కి తగ్గింది. 2019 డిసెంబర్‌లో, కొత్త ఖాళీల్లో గెస్ట్ అధ్యాపకులనే పెట్టుకోవాలన్న ఆగస్టు 28 నాటి ఒక లేఖ మీద వేలమంది వైస్ ఛాన్సలర్ కార్యాలయం దగ్గర కూర్చున్నారు. ఆ లేఖను సవరించడానికి కేంద్రం ఒప్పుకుంది. రెండుసార్లూ "పరిస్థితులు మెరుగుపరచండి" అనలేదు. ఫలానా తేదీ కాగితంలో ఫలానా మాట మార్చమన్నారు.

వినతిపత్రం రెండు పేజీలు, డైరీల సారాంశం ఒక పేజీ. ప్రతి అధ్యాపకుడికీ పేరు బదులు ఒక సంఖ్య ఇవ్వండి. పేర్లూ సంఖ్యలూ ఉన్న జాబితా ఇద్దరు రెగ్యులర్ అధ్యాపకుల దగ్గరే ఉండాలి. కాంట్రాక్ట్ వారి పేరు వాట్సాప్ గ్రూపులో తిరిగితే మరుసటి ఏడాది రెన్యువల్ రాకపోవచ్చు. సంతకాలు కూడా రెగ్యులర్ వాళ్లవే ముందుండాలి. వినతిపత్రాన్ని ఇన్‌వర్డ్‌లో (కార్యాలయానికి వచ్చే కాగితాలను నమోదు చేసే చోట) ఇచ్చి, మీ నకలు మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. చేతికిచ్చి ఫొటో దిగితే అది వినతి ఇచ్చినట్టు కాదు. 15 రోజులకు గుర్తుచేసే లేఖ, అందులో పాత ఇన్‌వర్డ్ నంబరు. చర్చకు పిలిస్తే ముగ్గురు వెళ్లండి: మాట్లాడేవారు ఒకరు, రాసుకునేవారు ఒకరు, కాంట్రాక్ట్ అధ్యాపకులొకరు. ఆ సాయంత్రమే "ఈ రోజు చర్చలో ఇవి అంగీకరించారు" అని లేఖ పంపండి. దానికి ఖండన రాకపోతే అదే మీ మినిట్స్, అంటే చర్చకు లిఖిత ఆధారం.

కదలిక లేకపోతే మెట్టు మెట్టుగా ఎక్కండి: నల్ల బ్యాడ్జీలు, భోజన విరామంలో గేటు దగ్గర నిరసన, రిలే నిరాహార దీక్షలు. క్లాసులు ఆపడం, మూల్యాంకనం ఆపడం చిట్టచివరివి. వాటికి ముందే లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి, జీతం కోతకు సిద్ధపడాలి, ప్రవర్తనా నియమావళి చదివి ఉండాలి. పిల్లల ఫలితాలు ఆలస్యమైతే వాళ్ల ఉద్యోగాలు, పై చదువుల సీట్లు పోతాయి. అది మన మనసుకూ భారమే, ఉద్యమానికీ నష్టమే. అందుకే మొదటివారంలోనే విద్యార్థుల దగ్గరికి వెళ్లండి. "మా పని తగ్గాలి" అనకుండా, తమ జవాబు పత్రానికి 8 నిమిషాలు దొరుకుతున్నాయో 3 నిమిషాలు దొరుకుతున్నాయో లెక్క చూపించండి. పోయిన క్లాసులు ఏ తేదీల్లో తిరిగి చెబుతారో అదే కాగితం మీద రాసివ్వండి.

సమయం చూసుకోవడం సగం పని. టైమ్‌టేబుల్ వేశాక అడిగితే "వచ్చే సెమిస్టర్" అంటారు, కాబట్టి పేపర్ల పంపకం మీద లేఖ సెమిస్టర్ మొదలవడానికి నెల ముందే వెళ్లాలి. పోస్టులూ వేతనాల కోరిక బడ్జెట్ ప్రతిపాదనలు సిద్ధమయ్యే రోజుల్లో చేరాలి, బడ్జెట్ పెట్టాక కాదు. నాక్ బృందం రాబోయే నెలల్లో పాలనా యంత్రాంగం చెవులు కాస్త తెరుచుకుని ఉంటాయి.

ఒప్పుకున్నాక నోటిమాటతో లేచి రాకండి. ఉత్తర్వు సంఖ్య, అమలు తేదీ, ఎవరికి వర్తిస్తుందో స్పష్టంగా ఉండాలి. "అధ్యాపకులకు" అని మాత్రమే ఉంటే కాంట్రాక్ట్ వారిని తప్పిస్తారు. "రెగ్యులర్, కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్, గెస్ట్ అధ్యాపకులందరికీ" అని రాయించండి. "వీలైనంతవరకు" అనే మాట కనబడితే కొట్టించండి. తర్వాత ప్రతి సెమిస్టర్ మొదటి వారంలో శాఖకొకరు చొప్పున కొత్త టైమ్‌టేబుల్ తీసుకుని, పేపర్లూ గంటలూ మనిషి మనిషికీ లెక్కపెట్టి, ఉత్తర్వు దాటిన చోట రెండో వారం లోపే ఇన్‌వర్డ్‌లో లేఖ వేయాలి.