డైనమిక్ రేంజ్‌ను లెక్కగట్టే విధానం

ఒక ఆడియో యాంప్లిఫయర్ వక్రీకరణ లేకుండా ఇవ్వగల గరిష్ఠ సిగ్నల్‌కు, అందులో ఎప్పుడూ ఉండే నాయిస్‌కు మధ్య గల నిష్పత్తిని డైనమిక్ రేంజ్ అంటారు. ముందుగా ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి (రెండు కొనలను కలిపి, సిగ్నల్ సున్నా అయ్యేలా చేసి), అవుట్‌పుట్‌లో మిగిలిన నాయిస్‌ను ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) వోల్టేజీగా కొలవాలి. తరువాత, గెయిన్‌ను (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ విలువను) మార్చకుండా, ఇన్‌పుట్‌కు ఇచ్చే సైన్ తరంగాన్ని క్రమంగా పెంచుతూ, తరంగ రూపాన్ని చూపే ఆసిల్లోస్కోప్‌పై అవుట్‌పుట్ శిఖరాలు చదునుగా మారడానికి ముందున్న వోల్టేజీని కూడా ఆర్‌ఎంఎస్‌లోనే నమోదు చేయాలి. నాయిస్ 20 మైక్రోవోల్టులు, గరిష్ఠ సిగ్నల్ 2 వోల్టులు అయితే నిష్పత్తి 1,00,000 అవుతుంది. పది ఆధారంగా దాని లాగరిథమ్ 5 కనుక, 20తో గుణిస్తే 100 డెసిబెల్స్ వస్తాయి. పవర్‌ను కొలిచినట్లయితే 10తో గుణించాలి, ఎందుకంటే పవర్ వోల్టేజీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

బ్యాండ్‌విడ్త్ (కొలిచిన ఫ్రీక్వెన్సీల పరిధి) పేర్కొనని డైనమిక్ రేంజ్ అంకెను నేను నమ్మను. అన్ని ఫ్రీక్వెన్సీలలో సమానంగా ఉండే వైట్ నాయిస్ విషయంలో బ్యాండ్‌విడ్త్ నాలుగింతలైతే నాయిస్ వోల్టేజీ రెండింతలవుతుంది, అంటే ఏ భాగమూ మార్చకుండానే డైనమిక్ రేంజ్‌లో సుమారు 6 డెసిబెల్స్ తగ్గిపోతాయి. ఆడియోకు 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు కొలవడం ఆనవాయితీ.

అనలాగ్‌ను డిజిటల్‌గా మార్చే ఏడీసీకి సైద్ధాంతిక పరిమితి తెలియాలంటే బిట్ల సంఖ్యను 6.02తో గుణించి 1.76 కలపాలి. 16 బిట్లకు 98.08 డెసిబెల్స్ వస్తాయి. 24 బిట్లకు 146 దాటినా, వేడి వల్ల భాగాలలో పుట్టే థర్మల్ నాయిస్ కారణంగా ఆడియో కన్వర్టర్లు ఆచరణలో ఆ అంకెను అందుకోలేవు.