ఎయిర్‌లెస్ సైకిల్ టైరు జారుతోందా? టైరుని తిట్టే ముందు రిమ్ము లోపల కొలవండి

పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళతో విసిగిపోయి చాలామంది ఎయిర్‌లెస్ టైర్లు, అంటే గాలీ ట్యూబూ అక్కర్లేని గట్టి టైర్లు ఎక్కిస్తున్నారు. మంచి పనే, పొలం గట్ల మీద తిరిగే సైకిలుకి అవి నిజంగా పనికొస్తాయి. కానీ కొన్నాళ్ళకే "ఈ టైరు బాలేదు" అని విప్పేసి మూలన పడేస్తున్నారు. అలా నా దగ్గరికొచ్చిన వాటిలో ఎక్కువ వాటికి టైరులో ఏ లోపమూ లేదు. చక్రం విప్పడం, టైరు ఎక్కించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

అసలు ఎక్కట్లేదు, లేదా మరీ వదులుగా ఉంది

సైజు తప్పు. "26 టైరు" అని అడిగితే సరిపోదు, రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో చూడాలి. 26 × 1 3/8 అంటే 590, 26 × 1.95 అంటే 559, రెండూ 26 అనే పిలుస్తారు గానీ ఒకదానిది ఇంకోదానికి రాదు. పాత రాడ్ బ్రేకు సైకిళ్ళ 28 × 1½ అయితే 635, దానికి 700సీ టైరు తెస్తే అది 622. పాత టైరు పక్కన ఈ మూడంకెల నంబరు ఉంటుంది, అది చూసి కొనండి.

తొక్కుతుంటే బరువుగా ఉంది

చక్రాన్ని పైకెత్తి చేత్తో ఒక్కసారి తిప్పండి. దయచేసి ఇది చెయ్యండి, ఎవరూ చెయ్యట్లేదు. టైరు మార్చి చక్రం మళ్ళీ బిగించేటప్పుడు కాస్త పక్కకి ఉండిపోతే బ్రేకు రబ్బరు రిమ్ముకి రాసుకుంటుంది, లేదంటే టైరు మడ్‌గార్డుకి తగులుతుంది, యాక్సిల్ నట్లు వదులు చేసి చక్రం మధ్యకి తెచ్చి బిగిస్తే సగం కంప్లైంట్లు అక్కడే పోతాయి. చక్రం ఫ్రీగా తిరుగుతుంటే మాత్రం ఆ బరువు టైరుదే. గాలి టైరంత తేలిగ్గా ఇది దొర్లదు, దానికి రిపేరు లేదు.

బ్రేకు వేసినా మలుపు తిరిగినా టైరు జరుగుతోంది, అంచు బయటికొస్తోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తా.

మామూలు టైర్లో ట్యూబులోని గాలి టైరు అంచుల్ని రెండు వైపులా రిమ్ము గోడలకేసి నొక్కి పట్టుకుంటుంది, అందుకే రిమ్ము కాస్త సన్నమైనా వెడల్పైనా సర్దుకుపోతుంది. ఎయిర్‌లెస్ టైరుకి ఆ గాలి లేదు. తన బిగువుతోనే నిలబడాలి, లేదా కొరియా కంపెనీ టానస్ చేసేవాటిలాగా అడుగున అడ్డంగా గుచ్చిన ప్లాస్టిక్ పిన్నులు రిమ్ము అంచుల కింద లాక్ అవ్వాలి. అంటే రిమ్ము లోపలి వెడల్పు కరెక్టుగా కుదరకపోతే టైరుని పట్టుకునేదే లేదు.

ఇక్కడే అందరూ బోల్తా పడేది. టైరు మీద 47-559 అని ఉంటుంది, రిమ్ము మీద 559 × 19 అని ఉంటుంది, 559 కి 559 కలిసింది కదా అని ఎక్కించేస్తారు. ఆ 47 టైరు వెడల్పు, ఆ 19 రిమ్ము లోపలి వెడల్పు, రెండూ మిల్లీమీటర్లలోనే. అదే 559 లో 19 ఉన్న రిమ్ములూ ఉన్నాయి, 25 ఉన్నవీ ఉన్నాయి. ట్యూబు వేసినప్పుడు ఈ తేడా ఎవరూ పట్టించుకోనక్కర్లేదు గానీ ఇక్కడ మొత్తం దాని మీదే ఉంది.

పైగా ఇది వెంటనే బయటపడదు. ఎక్కించిన రోజు బొటనవేలితో నొక్కి చూస్తే గట్టిగానే ఉంటుంది, తర్వాత బ్రేకు వేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం జరుగుతూ పోతుంది, వదులు గాజు చేతి మీద తిరిగినట్టు. ట్యూబు టైరైతే వాల్వు వంగిపోయి మనకి తెలిసేది, దీనికి వాల్వే లేదు.

కాబట్టి సుద్దముక్కతో టైరు మీద నుంచి రిమ్ము మీదకి ఒకే గీత గియ్యండి. ఖాళీ చోట కాసేపు తొక్కి, నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేసి గీత చూడండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే పట్టు లేనట్టే. ముందు చక్రానిది జరిగితే ఆ సైకిల్ ఇక తొక్కొద్దు, మలుపులో టైరు ఊడితే మొహం మీద పడతారు.

టైరు విప్పేసి రిమ్ము లోపలి గోడ నుంచి లోపలి గోడకి వెర్నియర్‌తో (మిల్లీమీటర్లు కచ్చితంగా చూపే కొలత పరికరం) కొలవండి, బయట నుంచి బయటకి కొలిస్తే గోడల మందం కూడా కలిసిపోతుంది, ఈ పొరపాటు మాత్రం తెగ చేస్తారు. రెండు మూడు చోట్ల కొలవండి. ఆ కొలతకి టైరు కంపెనీ చెప్పిన పిన్నులే వాడండి. చిన్న పిన్ను వేస్తే టైరు ఆడుతుంది, పెద్దది వేస్తే లాక్ అవ్వకుండా ఒక పక్క పైకి లేచి కూర్చుంటుంది. పిన్నులు లేని రకమైతే మీ రిమ్ము కొలతకి సరిపోయే టైరు తెచ్చుకోవడమే. కింద పాత ట్యూబు ముక్కలు పరిచి బిగువు తెద్దామని చూడొద్దు, టైరు లోపలికి దిగదు, ఇంకా సులువుగా ఊడుతుంది.

ఇంకొకటి, ఎక్కించేటప్పుడు నూనె గానీ గ్రీజు గానీ రాశారేమో చూసుకోండి. కొలత సరిగ్గా ఉన్నా ఆ జిడ్డు మీద టైరు జారుతుంది. సబ్బు నీళ్ళు చాలు, ఆరిపోతాయి, ఆరేదాకా తొక్కకుండా ఉంటే సరి.

ప్రతి రౌండుకీ ఒకచోట ఎగురుతోంది

చక్రం తిప్పి ముందు రిమ్ము అంచు చూడండి. అది ఊగితే బెండు తీయించాలి. రిమ్ము నిటారుగా ఉండి టైరే ఎగిరితే అక్కడ అది పూర్తిగా దిగలేదు. ఆ భాగం విప్పి, ఒత్తుకుంటూ మళ్ళీ ఎక్కించండి.

కుదుపు, స్పోకులు వదులవ్వడం

కుదుపు ఉంటుంది, ఈ టైరు గట్టిది. ఆ కుదుపుకి స్పోకులు త్వరగా వదులవుతాయి, కాబట్టి ఎక్కించిన మొదటి రోజుల్లో స్పోకుల్ని రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కి చూసుకుని వదులైనవి బిగించండి. స్పోకులు వదులైన చక్రం మీద రోజూ పాల క్యాన్లు మోస్తే రిమ్ము వంకర పోతుంది, అప్పుడు టైరు కూడా నిలవదు.

పగుళ్ళు, ఒకేచోట అరిగి చదునవ్వడం లాంటివి అరుదు, వస్తే మార్చేయడమే. తడి రోడ్డు మీద జారితే మాత్రం కొలతలతో సంబంధం లేదు, కొన్ని రకాల గట్టి రబ్బరు తడిలో అంతగా పట్టదు, వానలో స్పీడు తగ్గించి బ్రేకు ముందే వెయ్యడం మొదలుపెట్టండి.