చుక్కల ముగ్గు పద్ధతిలో పటానికి రంగులు వేద్దాం

ధనుర్మాసం వస్తే విశాఖలో మా ఇంటి ముందు అమ్మ చుక్కల ముగ్గు పెడుతుంది. ముందు చుక్కలు, తర్వాతే గీతలు. మొన్న మా అక్క కూతురు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వార్డుల పటం తెచ్చి (2021లో ఎన్నికలు జరిగిన 98 వార్డులది), పక్కపక్క వార్డులకి ఒకే రంగు పడకుండా ఎలా వెయ్యాలి మామయ్యా అని అడిగితే నాకు ఆ చుక్కలే గుర్తొచ్చాయి.

ఒక్కో వార్డుకి ఒక చుక్క పెట్టండి. హద్దు కలిసిన వార్డుల చుక్కల్ని గీతతో కలపండి, మూల మాత్రమే తగిలితే కలపక్కర్లేదు. చుక్కలు గ్రాఫ్ పేపరు గళ్ళ మూలల మీదే ఉండాలి, గీతలు తిన్నగా ఉండాలి, ఒకదాన్నొకటి దాటకూడదు, ఇంకో వార్డు చుక్క మీదుగా పోకూడదు.

ఇక రంగుకి పక్క చుక్కల్ని చూసే పనే లేదు. పేపరు కింది ఎడమ మూల నుంచి చుక్క అడ్డంగా ఎన్ని గళ్ళు, నిలువుగా ఎన్ని గళ్ళు ఉందో లెక్కపెట్టి ఆ అడ్డం అంకె, నిలువు అంకె చూడండి: రెండూ సరి అయితే పసుపు, రెండూ బేసి అయితే ఆకుపచ్చ, అడ్డం మాత్రమే బేసి అయితే ఎరుపు, నిలువు మాత్రమే బేసి అయితే నీలం. నాలుగు రంగులతో పని అయిపోతుంది.

ఒక్క చోటే జాగ్రత్త. గీత రెండు చివరల మధ్య అడ్డం దూరం, నిలువు దూరం రెండూ సరి సంఖ్యలైతే రెండు చివరలకీ ఒకే రంగు పడుతుంది. అలాంటి గీతకి సరిగ్గా నడిమధ్యన ఒక గడి మూల ఉంటుంది కాబట్టి కంటితోనే పట్టుకోవచ్చు. దూరాలు 3, 3 అయితే గీత రెండు మూలల మీదుగా పోతుంది కానీ నడిమధ్యన ఏదీ ఉండదు, రంగుకి ఇబ్బంది లేదు.

చిన్న పటంతో చేసి చూడండి (బ్రాకెట్లలో మొదటిది అడ్డం అంకె, రెండోది నిలువు అంకె). మధ్య వార్డు (2,2), చుట్టూ వరసగా (3,2), (2,3), (1,2), (0,0), (2,1). చుట్టూ ఉన్న ఐదూ పక్కదానితోనూ మధ్యదానితోనూ కలుస్తాయి. (0,0) కీ (2,2) కీ రెండూ పసుపే, ఎందుకంటే ఆ గీత నడిమధ్యన (1,1) ఉంది. (0,0)ని ఆ (1,1) కే జరపండి, ఆకుపచ్చ అవుతుంది, అన్ని గీతలూ సరిపోతాయి.

పెద్ద పటంలో ఒక చుక్క జరిపితే ఇంకో గీత చెడుతుంది, అక్కడే టెన్షన్. అప్పుడు అంకెలన్నిటినీ 10తోనో 50తోనో గుణించండి. బొమ్మ ఆకారం మారదు, గళ్ళు మాత్రం దానితో పోలిస్తే చిన్నవైపోతాయి, కాబట్టి చుక్కని ఒక్క గడి అటో ఇటో ఐమూలగానో జరిపి కావలసిన రంగు తెచ్చినా గీతలు దాటుకోవు. దాటుకుంటే ఇంకా పెద్ద సంఖ్యతో గుణించండి. ఏ చుక్కకి ఏ రంగు కావాలో మాత్రం మనమే వెతకాలి. ప్రతి వార్డూ ఒకే ముక్కగా ఉంటే నాలుగు రంగులు చాలని 1976లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అపెల్, హాకెన్ అనే గణితవేత్తలు కంప్యూటర్ సాయంతో నిరూపించారు, కాబట్టి ఆ వెతుకులాట వృథా పోదు. 98 ఒకేసారి మొదలుపెట్టకండి, మీ వార్డు, దాని చుట్టూ ఉన్నవి ముందు పెట్టండి.