కెర్నల్ వేరియబుల్ దొరకట్లేదా? దాని టైప్ చూడండి

ఈబీపీఎఫ్ (లినక్స్ కెర్నల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌ల పద్ధతి) ప్రోగ్రామ్‌లో రన్‌క్యూస్ లాంటి కెర్నల్ వేరియబుల్‌ను కేసిమ్ గుర్తుతో (ఇది కెర్నల్‌లోని పేరు అని చెప్పే గుర్తు) ఎక్స్‌టర్న్‌గా వాడేవాళ్ల కోసం ఈ చిట్కా. టైప్ వాయిడ్ అని రాస్తే లిబ్‌బీపీఎఫ్ (ప్రోగ్రామ్‌ను లోడ్ చేసే లైబ్రరీ) అడ్రస్‌ను కాల్‌సిమ్స్ ఫైల్‌లో (కెర్నల్ పేర్లు, అడ్రస్‌ల జాబితా) వెతుకుతుంది. చేతికి వచ్చేది ఒట్టి అడ్రసే, లోపలి ఫీల్డులు నేరుగా చదవలేరు. అసలు స్ట్రక్ట్ టైప్ రాస్తే మాత్రం కెర్నల్ బీటీఎఫ్‌లో (కెర్నల్ టైప్‌ల సమాచారం) వెతుకుతుంది, ఫీల్డులు చదవొచ్చు. రన్‌క్యూస్ లాంటి పర్‌-సీపీయూ వేరియబుల్ (ఒక్కో సీపీయూకు ఒక్కో కాపీ ఉండేది) అయితే ముందు చివర్లో చెప్పిన హెల్పర్‌తో పాయింటర్ తీసుకోవాలి. ఈ సౌకర్యం 5.10 కెర్నల్ నుంచి ఉంది.

చిక్కల్లా ఇక్కడే. కాల్‌సిమ్స్‌లో పేరు కనబడింది కదా అని టైప్ రాసేస్తాం, లోడ్ ఫెయిలవుతుంది! బీటీఎఫ్‌లోకి సాధారణంగా పర్‌-సీపీయూ వేరియబుల్సే ఎక్కుతాయి, మామూలు గ్లోబల్స్ ఉండవు. నేనైతే కోడ్ రాసే ముందే బీపీఎఫ్‌టూల్ కమాండ్‌తో బీటీఎఫ్ డంప్ తీసి పేరు వెతుకుతాను.

కొన్ని కెర్నల్స్‌లోనే ఉండే పేరైతే వీక్ గుర్తు పెట్టండి. దొరకకపోతే లోడ్ ఆగదు, అడ్రస్ సున్నా అవుతుంది. వాడే ముందు ఇఫ్ పెట్టి చూసుకుంటే చాలు.

అన్నట్టు, ఫలానా సీపీయూ కాపీకి పాయింటర్ ఇచ్చే బీపీఎఫ్ పర్ సీపీయూ పీటీఆర్ హెల్పర్ నల్ ఇవ్వొచ్చు. నల్ చెక్ మర్చిపోతే వెరిఫయర్ (లోడ్ చేసేముందు ప్రోగ్రామ్‌ను పరీక్షించే కెర్నల్ భాగం) ఒప్పుకోదు. ప్రస్తుత సీపీయూదే కావాలంటే దిస్ సీపీయూ హెల్పర్‌కు ఆ గొడవ లేదు.